చిన్న కేసే కదా, ఒప్పేసుకుని ఫైను కట్టెయ్యమంటున్నారు. కట్టెయ్యమంటారా?

కోనసీమ కొబ్బరి
మా తమ్ముడి మీద, నాన్న మీద ఓ కేసు నడుస్తోందండీ. 2025 సంక్రాంతి వెళ్ళిన వారంలో జరిగింది. మా గట్టు మీద కొబ్బరిచెట్టు పక్కింటి బాబాయి వాళ్ళ వైపు వాలి ఉంటుంది. మట్ట పడి వాళ్ళ పాక రేకు పగిలింది. మాటా మాటా పెరిగి తమ్ముడు బాబాయిని దారికడ్డంగా నిలబెట్టి చెంప మీద కొట్టాడు. అడ్డొచ్చిన పిన్నిని తోసేశాడు, ఆవిడ అరుగు మీద పడితే మోచెయ్యి గీరుకుపోయింది. తప్పు మావాడిదే, దాచను. వాళ్ళు మా నాన్న చొక్కా పట్టుకు చింపారని మేమూ ఎదురు కేసు పెట్టాం.

ఇప్పుడు చార్జిషీటు వేశారు, సమన్లు వచ్చాయి. సెక్షన్లు 115(2), 126(2), 351(2), 352 రెడ్ విత్ 3(5) (అందరూ కలిసి చేశారని), ఐపీసీ బదులొచ్చిన బీఎన్‌ఎస్. వాయిదా ఇంకా పన్నెండు రోజులుంది. సమన్లు తెచ్చిన కానిస్టేబుల్ గారు "ఒప్పేసుకోండి, జడ్జిగారు ఏదో ఫైను వేస్తారు, ఒక్కరోజులో వదిలిపోద్ది" అన్నారు. తమ్ముడికి 24. కువైట్‌లో డ్రైవర్ పని కుదిరింది, పాస్‌పోర్టుకి పెట్టాలి. ఏం చెయ్యమంటారు?

బెజవాడ బండి
కట్టెయ్యండి. నేను రెండుసార్లు బండి కేసుల్లో కట్టాను, ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. లేదంటే మూడేళ్ళు తిరుగుతారు.

సీమ రాగిముద్ద
బండి అన్నా, హెల్మెట్ చలానూ మనిషిని కొట్టిన కేసూ ఒకటెట్లా అయితాయప్పా. కొబ్బరీ, కట్టె గానీ రాయి గానీ వాడినాడా మీ తమ్ముడు? అది ముందు చెప్పు.

నల్లకోటు
కాకినాడ వైపు ప్రాక్టీసు, పదకొండేళ్ళు. కానిస్టేబుల్ గారు చెడు చెప్పలేదు, ఆయనకి కేసు మూసెయ్యడం కావాలి. మీ తమ్ముడికి కావాల్సింది వేరు.

నేరం ఒప్పుకుని ఫైను కట్టడమంటే శిక్ష పడినట్టే. వంద రూపాయలైనా సరే, రికార్డులో దోషి అనే ఉంటుంది. అదే కేసు రాజీ అయితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టు. ఒకే కోర్టు, ఒకే రోజు, ఒకే జడ్జిగారు, బయటికొచ్చే కాగితం మాత్రం వేరు. మీరు రాసిన నాలుగు సెక్షన్లూ (వరసగా కొట్టడం, దారి అడ్డగించడం, బెదిరించడం, తిట్టి అవమానించడం) రాజీకి వీలున్నవే. చార్జిషీటు కాపీ చేతికొచ్చాక మళ్ళీ ఒకసారి చూసి చెప్పండి, ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న సెక్షన్లూ చార్జిషీటులో ఉన్నవీ ఒక్కోసారి వేరుగా ఉంటాయి.

బెజవాడ బండి
రాజీ అంటే అవతలివాళ్ళు డబ్బులడుగుతారు సార్. ఫైను కన్నా అదే ఎక్కువవుద్ది.

నాంపల్లి చౌరస్తా
ఫైను కట్టినంక ఎవరూ అడగరు అన్నోళ్ళకు నా ముచ్చట చెప్తా. 2018ల అమీర్‌పేట దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్‌ల దొరికిన. వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటొద్దు, నాకు 62 వచ్చింది. ఆ చిన్న చిట్టీ మీద నంబరు ఇప్పటికీ కండ్ల ముందట్నే ఉంది. బండి అక్కడ్నే పెట్టుకున్నరు. గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌ల కౌన్సెలింగ్, ఇంట్లోళ్ళను తీస్కరమ్మన్నరు. మా నాయిన వచ్చిండు. యాక్సిడెంట్ల వీడియోలు చూపిస్తుంటే ఆయన నా దిక్కు చూడలే, గోడ దిక్కు చూస్కుంట కూసున్నడు. నాకు గదే అసలు శిక్ష.

తర్వాత నాంపల్లి మనోరంజన్ కాంప్లెక్స్‌ల కోర్టు. లైన్ల నిలబడితిమి, పేరు పిలిచిండ్రు, తాగినవా అంటే తాగిన సార్ అన్న. 2,000 ఫైను, అప్పటి రేటు గంతే. 2019ల చట్టం మారినంక మొదటిసారికే 10,000 ఫైను, లేకుంటే ఆర్నెల్ల దాకా జైలు, రెండూ కూడా వెయ్యొచ్చు.

అయిపోయింది అనుకున్న. 2021ల అమెరికా వీసాకు డీఎస్-160 ఫారం నింపుతుంటే అండ్ల ప్రశ్న: ఎప్పుడన్నా అరెస్టయినవా, శిక్ష పడ్డదా, మాఫీ అయినా సరే చెప్పు అని. ఉన్నదున్నట్టు రాసిన. వాళ్ళు మళ్ళ డాక్టర్ దగ్గరికి పంపిండ్రు, తాగుడు అలవాటు ఉన్నదా లేదా చూడనీకి. వీసా వచ్చింది గానీ రెండు నెలలు లేటు. మూడు నిమిషాల్ల ఒప్పుకున్నది మూడేండ్లకు ఎదురొచ్చింది.

పాలమూరు బస్సు
చౌరస్తా అన్నా, నాయిన ముచ్చట చదివి నేను పార్టీకి బస్సులనే పోదామని డిసైడైన.

నాంపల్లి చౌరస్తా
పో తమ్మీ, మంచిగుంటవ్.

బెంచి క్లర్కు (రిటైర్డ్)
ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టులో పనిచేశాను, అందులో ఎక్కువ భాగం మేజిస్ట్రేటు కోర్టుల్లోనే. లోపల ఎలా జరుగుతుందో చెబుతాను, పిల్లవాడికి భయం తగ్గుతుంది.

పొద్దున పదిన్నరకి పిలుపులు మొదలు. బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలకకపోతే, లాయరు గైర్హాజరు పిటిషను వెయ్యకపోతే, నాన్ బెయిలబుల్ వారంటు పడుతుంది. పాత చట్టంలో సెక్షన్ 317, ఇప్పుడు 355 అయింది గానీ వరండాలో ఇంకా అందరూ త్రీ సెవెంటీన్ అనే అంటారు. చిన్న కేసుల్లో మనుషులు ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే. నేరం కన్నా వారంటు పెద్దదై కూర్చుంటుంది. టీ తాగడానికి బయటికి వెళ్ళినవాడికి వారంటు పడటం నేను కళ్ళారా చూశాను. ఆ రోజే వారంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషను వేసుకుంటే సరిపోతుంది, భయపడి ఊరెళ్ళిపోతే పోలీసులు ఇంటికొస్తారు.

పిలిచాక కాపీలు ఇస్తారు. ఆ రోజో తర్వాత వాయిదాకో జడ్జిగారు ఆరోపణ తెలుగులో చెప్పి "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర మనవాళ్ళు తల ఊపేస్తారు. పెద్దాయన అడుగుతున్నాడు, కాదంటే కోపం వస్తుందేమోనని.

ఒకసారి సారా కేసులో ఒక ముసలామెని తెచ్చారు. చేతిలో పసుపురంగు గుడ్డసంచి, దాన్ని గుండెలకి అదుముకుని నిలబడింది. అయ్యగారు అడగ్గానే "అవునయ్యా, అవునయ్యా" అంది. ఆయన కలం కింద పెట్టి "ఏమ్మా, ఏది అవును?" అన్నారు. ఆమెకి తెలియదు. "అవునను, పంపించేస్తారు అన్నారయ్యా" అంది. కోర్టంతా నిశ్శబ్దం. ఆయన ఒప్పుకోలు రాయలేదు. న్యాయసేవల నుంచి లాయర్ని పెట్టించి వాయిదా వేశారు. అందరు జడ్జీలూ అంత ఓపిగ్గా అడగలేరు, వందకు పైగా కేసులుంటాయి రోజుకి. కాబట్టి అడిగినది అర్థమయ్యేదాకా తల ఊపొద్దని మీ తమ్ముడికి చెప్పండి. "లాయర్ని పెట్టుకోవాలి, టైమివ్వండి సార్" అంటే ఎవరూ కసరరు.

ఓరుగల్లు అక్క
సంచి ముచ్చట చదివి మా అమ్మమ్మ యాదికొచ్చింది.

కోనసీమ కొబ్బరి
కర్రలు, రాళ్ళు ఏమీ లేవండీ. చేత్తోనే. దెబ్బల మీద డాక్టరు గారిచ్చిన ఊండ్ సర్టిఫికెట్‌లో ఇద్దరివీ సింపుల్ అనే ఉంది. చార్జిషీటు కాపీ లాయర్ గారి ద్వారా చూశాం, అవే నాలుగు సెక్షన్లు. ఒకటి అడుగుతా, కొట్టినందుకు 115 అంటే అర్థమైంది. దారికి అడ్డం నిలబడ్డాడని 126 ఎందుకు?

నల్లకోటు
మంచి ప్రశ్న. 115(2), 352 రెండూ మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు నేరుగా కేసు కట్టలేని సెక్షన్లు. 126(2) అలా కాదు. ఒక్క సెక్షన్ అలాంటిది కలిస్తే మొత్తం కేసుని పోలీసులే నడపవచ్చు. అందుకే చెంపదెబ్బ ఎఫ్‌ఐఆర్లలో "దారిన పోతుండగా అడ్డగించి" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. పాత చట్టంలో 323కి పక్కన 341 కూర్చునేది, ఇప్పుడు నంబర్లు మారాయి. మీవాడి విషయంలో నిజంగానే అడ్డగించాడు కాబట్టి వాదించడానికేం లేదు.

ఇక రాజీ. కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 359 కింద ఈ నాలుగింటికీ దెబ్బతిన్న మనిషి రాజీ పడితే చాలు. మనిషి అంటే కేసు పెట్టిన బాబాయి ఒక్కడే కాదు. పిన్నికీ దెబ్బ తగిలింది, చార్జిషీటులో ఎల్‌డబ్ల్యూ-2గా, అంటే రెండో సాక్షిగా, ఉండి ఉంటారు. ఆవిడా కోర్టుకొచ్చి సంతకం పెట్టాలి. ఇది చాలామంది మర్చిపోతారు. అసలు రోజున బాబాయి వస్తాడు, పిన్ని రాదు, కేసు మళ్ళీ వాయిదా పడుతుంది. మీ ఎదురు కేసు కూడా అదే రోజు, అదే బెంచి ముందు పెట్టించుకోండి. ఒకటి మూసి ఒకటి ఉంచితే ఆర్నెల్లలో మళ్ళీ గొడవ.

పాస్‌పోర్టు సంగతి. కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) కింద ఆపొచ్చు. అయితే 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఉంది, కేసు ఉన్న కోర్టు అనుమతిస్తే ఇస్తారు. కోర్టు ఇన్నేళ్ళకి అని రాయకపోతే ఏడాదికే ఇస్తారు, కాబట్టి పిటిషన్లో కాలం అడగాలి. దరఖాస్తులో కేసు లేదని మాత్రం రాయొద్దు.

బెజవాడ బండి
నల్లకోటు గారూ, అయితే నా మాటలోనూ పస ఉంది కదా. ఒప్పేసుకుంటే కేసు పెండింగ్ ఉండదు. ఫైను శిక్షకి పాస్‌పోర్టు ఆపడానికి లేదని విన్నా.

నల్లకోటు
ఉంది, కాదనను. శిక్ష కారణంగా ఆపాలంటే గత అయిదేళ్ళలో, నైతిక పతనం కిందికొచ్చే నేరానికి, రెండేళ్ళకి తగ్గని జైలు పడి ఉండాలి. ఫైను దానికిందికి రాదు. కానీ ఆయన పని కువైట్‌లో. పాస్‌పోర్టుతో ఆగదు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా కావాలి. రేపు ఇక్కడే ఆర్టీసీలోనో పోలీసులోనో ఉద్యోగానికి పెట్టుకుంటే అటెస్టేషన్ ఫారంలో ఈ కేసు సంగతి రాయాలి. పాతికేళ్ళవాడికి ముందు నలభై ఏళ్ళుంది.

విశాఖ అల
ఉద్యోగం మాటొచ్చింది కాబట్టి. మా మేనల్లుడు కాలేజీ గొడవలో ఇరుక్కుని, కేసు కొట్టేశారు కదాని ఫారంలో "లేదు" అని రాశాడు. వెరిఫికేషన్‌లో బయటపడింది. కేసు వల్ల కాదు, దాచినందుకు నోటీసు వచ్చింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చిన్న వయసులో జరిగిన అల్ప విషయాల్ని యజమాని క్షమించవచ్చు అంది, కానీ ఆ దయ యజమాని చేతిలో ఉంటుంది. కొట్టేసినా సరే, అడిగితే రాయాలి.

జెర్సీ సిటీ తెలుగోడు
ఇక్కడా ఇదే కథ. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు దుకాణంలో ఇరవై డాలర్ల వస్తువు జేబులో వేసుకుని మున్సిపల్ కోర్టుకొస్తారు. సెల్ఫ్ చెకౌట్ దగ్గర నిజంగా మర్చిపోయినవాళ్ళూ ఉంటారు. భయంతో ఒప్పేసుకుందామంటారు. ఇమ్మిగ్రేషన్ లెక్కలో నేరం ఒప్పుకుని ఏదో ఒక శిక్ష పడితే, తర్వాత కోర్టు కేసు తీసేసినా శిక్ష కిందే చూస్తారు. ఇద్దరు పిల్లల్ని నేనే లాయరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒకడు అప్పటికే ఒప్పేసుకుని వచ్చాడు. వాడి తల్లికి ఫోన్లో చెప్పాల్సి వచ్చింది నాకు.

సీమ రాగిముద్ద
నేను కట్టె అడిగింది ఎందుకంటే, మా పెదనాయిన కేసులో పారకట్టె ఉండె. ఆయుధంతో కొట్టిన సెక్షన్, పాత 324, ఇప్పుడు 118(1). ఊరంతా కూర్చుని రాజీ చేసినారు, కోర్టుకు పోతే జడ్జిగారు ఈ సెక్షన్‌కు రాజీ లేదన్నారు. ఇద్దరూ కలిసే హైకోర్టుకు పోయి కొట్టేయించుకోవల్సి వచ్చె. కొట్టినోడు, కొట్టించుకున్నోడు ఒకే బస్సులో పోయినారు, దోవలో టిఫిన్ పెదనాయినే పెట్టించినాడు. కొబ్బరీ, మీది చేత్తో పోయింది, అదృష్టం.

ఓరుగల్లు అక్క
అందరు రాజీ రాజీ అంటున్నరు. నేను దెబ్బ తిన్న దిక్కు నుంచి చెప్తా.

మా మరిది నన్ను కొట్టిండు. కేసు పెట్టిన. సంవత్సరంనర దాకా ఇంటికొచ్చినోళ్ళందరు ఒకటే మాట, ఇడ్సిపెట్టు, ఇడ్సిపెట్టు. ఒక్కరు కూడ నొప్పెట్లుందని అడగలె. లోక్ అదాలత్‌ల కూసున్నప్పుడు బెంచి మీద మేడం నన్ను ఒక్కదాన్నే పిలిచి "నీ ఇష్టంతోనే చేస్తున్నవా, ఎవరన్న బలవంతం పెట్టిండ్రా" అనడిగింది. ఆ మాట అడిగినందుకే నాకు సగం బరువు దిగింది. అప్పుడు సంతకం పెట్టిన. అక్కడ సంతకం పెడితే దాని మీద అప్పీలు లేదు, గది గుడ యాదుంచుకోవాలె.

కొబ్బరి తమ్ముడూ, మీరు బాబాయితోని మాట్లాడుతున్నరు గని పిన్నితోని ఎవరన్న మాట్లాడిండ్రా? పడ్డది ఆమె.

కోనసీమ కొబ్బరి
అక్కా, మీరన్నది నిజమే. నిన్న పెద్దమనుషుల్ని పంపాం. బాబాయి రేకు డబ్బులు, ఆస్పత్రి ఖర్చు ఇస్తే సరే అన్నాడు. పిన్ని లోపల్నుంచి బయటికే రాలేదు. గుమ్మం దగ్గరే "నేను రాను" అందట.

పాలమూరు బస్సు
పెద్దమనుషులు గాదు భయ్, కొట్టినోడు పోవాలె.

నల్లకోటు
నిజం. ఇంకో మాట. డబ్బు ముందే చేతిలో పెట్టకండి. రాజీ మెమో మీద సంతకాలయ్యే రోజునే, కోర్టు ఆవరణలోనే. మీ మీద నమ్మకం లేక కాదు, రెండువైపులా చుట్టాలు మధ్యలో మాటలు మారుస్తారు.

బెంచి క్లర్కు (రిటైర్డ్)
మొదటి వాయిదాకి ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకెళ్ళండి, బాండు రాయాల్సి రావచ్చు. ఫోను ఆఫ్ చెయ్యాలి, సైలెంటు కాదు. లాయరు ఖర్చు భారమైతే కోర్టు ఆవరణలోనే న్యాయసేవా సంస్థ ఉంటుంది, లేదా 15100కి ఫోను చెయ్యండి. వాయిదా తేదీ కోసం ఎవర్నీ అడుక్కోవద్దు, ఈకోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే కనిపిస్తుంది.

బెజవాడ బండి
రాజీ కుదరకపోతే? అప్పుడైనా ఒప్పుకోవాలి కదా.

నల్లకోటు
అప్పుడూ తొందరేం లేదు. సాక్ష్యం నిలవకపోవచ్చు. నిలిచేలా ఉండి, ఒప్పుకోవడమే నయమనిపిస్తే, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద వదలమని లాయరు అడగాలి. రెండేళ్ళకి మించని నేరాలకి, పాత శిక్షలు లేకపోతే, మందలించి వదిలెయ్యొచ్చు. అలా వదిలితే సెక్షన్ 12 ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటుకోదు. కోర్టు తనంతట తానుగా ఇవ్వాలని ఎదురుచూడొద్దు, అడగాలి. ఫైను కట్టేసి బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చి "ఇలాంటిది ఉందా సార్" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న కుర్రాళ్ళున్నారు. అది నాకు చాలా బాధ.

బెజవాడ బండి
ఇది నాకు తెలీదు. నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నా.

కోనసీమ కొబ్బరి
రెండు నెలల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోకండి.

మొదటి వాయిదాకి లాయర్ గారితో వెళ్ళాం. జడ్జిగారు అడిగితే తమ్ముడు "ఒప్పుకోవట్లేదండీ, రాజీకి టైమివ్వండి" అన్నాడు. గొంతు వణికింది గానీ అన్నాడు.

ఆ ఆదివారం వాడే వెళ్ళాడు. నేను వీధిలోనే ఆగాను. పిన్ని అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, తలెత్తలేదు. వాడు కింద మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత పిన్ని అంది, "చెయ్యి నాలుగు రోజుల్లో మానిపోయిందిరా. నన్ను నువ్వన్న మాట ఉంది చూడూ, చిన్నప్పుడు నీకు నేను అన్నం పెట్టలేదా" అని. వాడు ఏడ్చేశాడు. 352 అంటే ఏదో నంబరనుకున్నాం, ఆ మాట ఆవిడ ఏడాదిగా మోస్తోంది.

లోక్ అదాలత్ రోజు రెండు కేసులూ కలిపి పిలిచారు. బెంచి మీద సార్ పిన్నిని విడిగా అడిగారు, అక్క చెప్పినట్టే. బాబాయి సంతకం, పిన్ని వేలిముద్ర, అటు మా నాన్న సంతకం. రేకు డబ్బులు, ఆస్పత్రి ఖర్చు అక్కడే ఇచ్చాం. రేకు డబ్బులు పిన్ని తీసుకుంది, ఆస్పత్రివి వెనక్కి ఇచ్చేసింది.

ఓరుగల్లు అక్క
ఆమెకు నా దండం చెప్పు తమ్ముడు.

నల్లకోటు
సంతోషం. లోక్ అదాలత్ తీర్పులో (అవార్డు అంటారు) "359(8) ప్రకారం నిర్దోషి" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇప్పుడే చెప్పి రాయించుకోండి, తర్వాత కష్టం.

బెంచి క్లర్కు (రిటైర్డ్)
సర్టిఫైడ్ కాపీకి ఈ వారమే దరఖాస్తు పెట్టండి. మూడు తీసుకోండి, ఒకటి పాస్‌పోర్టుకి, ఒకటి మీ ఊరి స్టేషన్‌కి, ఒకటి ఇంట్లో బీరువాలో. స్టేషన్ రికార్డులో వాళ్ళంతట వాళ్ళు మారుస్తారని కూర్చోకండి, మీరే ఇచ్చి రసీదు అడగండి.

సీమ రాగిముద్ద
మరి చెట్టు సంగతేమైంది?

కోనసీమ కొబ్బరి
మట్టలు మేమే కొట్టించాలి, ఆ వైపు పడ్డ కాయలు వాళ్ళవి. అది మెమోలో లేదు, పిన్ని చెప్పింది. కాపీకి సోమవారం పెడుతున్నామండీ.